కెమెరా తర్వాత కొనుక్కోవచ్చు, ముందు కట్ చెయ్యడం నేర్చుకోండి

మా పర్లాకిమిడిలో ఎవడికైనా సినిమా పిచ్చి పట్టిందంటే మొదట చేసే పని ఈఎంఐలో కెమెరా కొనీడం. బ్రహ్మపురం వెళ్తాడు, లేదంటే వైజాగ్ వెళ్తాడు, డబ్బా ఓపెన్ చెయ్యడం కూడా ఒక వీడియో తీసి పెడతాడు. తర్వాత కెమెరా వణక్కుండా పట్టుకునే గింబల్. తర్వాత మహేంద్రతనయ ఒడ్డున ఫ్రెండుని స్లో మోషన్లో నడిపించి ఒక రీల్. ఆర్నెల్లు తిరక్కుండా ఆ కెమెరా బీరువా మీదకి ఎక్కీసి ఉంటుంది. నేనేటంటానంటే ఆ వరస తిరగెయ్యండి. ముందు ఎవరో తీసిన ఫుటేజీ తెచ్చుకుని కట్ చెయ్యండి, అంటే ఎడిటింగ్ చెయ్యండి, తర్వాత సౌండు సంగతి చూడండి, కెమెరా ఆఖర్న. ఇది నా బుర్రలో పుట్టింది కాదు, మాకు అలాగ నేర్పిన అన్న ఒకడున్నాడు.

ఆ అన్న పాతపట్నంలో పెళ్ళి వీడియోలు తీస్తాడు. ఇక్కణ్ణుంచి పాతపట్నం అంటే పేరుకి ఒడిశా నుంచి ఆంధ్రాకి రాష్ట్రం మారతాం గానీ ఊరు మారినట్టే ఉండదు, బోర్డుల మీద అక్షరాలు మారతాయి అంతే. కాలేజీలో ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు కింద జిల్లా గురించి ఒక డాక్యుమెంటరీ తియ్యమన్నారు, పది నిమిషాల్లోపు ఉండాలన్నారు. మా గ్రూపులో నలుగురం, ఇద్దరం తెలుగిళ్ళ వాళ్ళం, ఒకడు ఒడియా, ఒకమ్మాయి గుమ్మ వైపు సవర పిల్ల. కెమెరా అద్దెకి అడుగుదామని అన్న దగ్గరికి పోతే కెమెరా ఇవ్వలేదు, పెన్‌డ్రైవ్ ఇచ్చేడు. "ఒరే బావూ, దీంట్లో ఒక పెళ్ళి ఉంది, మొత్తం రా ఫుటేజీ, కట్ చెయ్యని ముడి వీడియో. రెండు నిమిషాలకి తెండి. అప్పుడు రండి, కెమెరా సంగతి మాటాడదాం" అన్నాడు. మావాళ్ళకి ఒళ్ళు మండింది. లాప్‌టాప్ నాది కాబట్టి ఎడిటర్ని నేనే, స్టూడెంట్ సినిమాల్లో రూలు అదే కదా.

ఆ పెళ్ళి ఫుటేజీ ముందు కూర్చుంటే గానీ తెలీలేదు అన్న ఏటి చేస్తున్నాడో. జీలకర్ర బెల్లం పెట్టే షాటు ఉంది, దూరం నుంచి తీసింది, సరిగ్గా ఆ క్షణానికి ఎవరో పెద్దమ్మ పట్టుచీర భుజం ఫ్రేములోకి వచ్చీసింది. అసలు ముహూర్తమే కనపడదు. మరేటి చెయ్యాలి? వెతకంగా వెతకంగా అదే టైములో రెండో కెమెరాలో నాదస్వరం ఆయన బుగ్గలు పూరించుకుని వాయిస్తున్న క్లోజప్ దొరికింది, పెళ్ళికూతురి అమ్మ కళ్ళు తుడుచుకునే ముక్క ఒకటి దొరికింది. దూరం షాటు, బుగ్గలు, అమ్మ, తలంబ్రాలు, అంతే, చూసినోళ్ళకి ముహూర్తం చూసినట్టే ఉంది. ఆ నాదస్వరం ఆయన బుగ్గలు లేకపోతే ఆ పెళ్ళి అవ్వదు. ఇంకోటి, రెండో కెమెరావాడు పని అయిపోగానే టక్కుమని స్టాప్ నొక్కీసేవాడు, ప్రతి షాటు చివర ఇంకో నాలుగైదు సెకండ్లు ఉంటే ఎంత బాగుండునో అని ప్రతి కట్ దగ్గరా తిట్టుకున్నాను. ఇలాగ వేరే వాడి ఫుటేజీ మీద తిట్టుకున్నవన్నీ ఒక కాగితం మీద రాసుకుంటే అదే మా షూటింగ్ రూల్స్ అయిపోయింది. చేతుల క్లోజప్పులు కావాలి. మొహాలు కావాలి. షాటు మొదలయ్యే ముందు, అయ్యాక, ఐదేసి సెకండ్లు కదలకుండా ఉంచాలి. మాట్లాడేటప్పుడు జూమ్ చెయ్యకూడదు. యూట్యూబులో ఎన్ని గంటల ట్యుటోరియల్స్ చూసినా ఇది ఇలాగ ఎక్కదు.

సబ్జెక్టు దగ్గర చాలా గొడవ అయింది. ఒకడు ప్యాలెస్ అన్నాడు, ఒకడు మహేంద్రగిరి అన్నాడు, నాకైతే చిన్న రైలు మీద తియ్యాలని ఉండేది, నౌపడా నుంచి 1900లో మా ఊరొచ్చిన నేరోగేజ్. కానీ దాన్ని 2004లో ఆపీసేరు, ఇప్పుడు తియ్యడానికి ఆ చిన్న రైలేదీ, ముసలాళ్ళ మాటలు తప్ప. సినిమాకి కళ్ళ ముందు జరిగే పని ఏదైనా ఉండాలని చివరికి కొమ్ము పని దగ్గర ఆగేం. గేదె కొమ్ముతో కొంగలు, రొయ్యలు, దువ్వెనలు చేస్తారు కదా, పర్లాకిమిడి పేరు బయట ఎక్కడైనా వినపడిందంటే ఆ బొమ్మల వల్లే. ఆ పని చేసే తాతగారు ఒకాయన ఒప్పుకున్నారు. ఒడియా ఆయన, తెలుగు మాకంటే బాగా మాట్లాడతారు. ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే, "కేతే సమయ లాగిబ?" ఎంత టైము పడుతుందని. మా ఒడియా వాడు ఒక్క గంట ఆజా, అంటే తాతా, అని చెప్పీసేడు, అది ఎంత అబద్ధమో అక్కడున్న అందరికీ తెలుసు.

కెమెరా చివరికీ అద్దెకి తీసుకోలేదు. ఫోన్లే. ఓపెన్ కెమెరా అని ఒక ఫ్రీ యాప్ ఉంది, దాంట్లో షటర్ (ఒక్కో ఫ్రేముకి వెలుగు పడే టైము), ఐఎస్ఓ (బొమ్మ వెలుగు పెంచే అంకె), ఫోకస్ చేత్తో పెట్టుకోవచ్చు, అది చాలు.

ఇక్కడ కొంచెం టెక్నికల్‌గా చెప్తాను, ఓపికుంటే చదవండి. తాతగారి షెడ్డులో ట్యూబ్ లైట్. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే ట్యూబ్ లైట్ సెకండుకి వందసార్లు మిణుకుతుంది, కంటికి తెలీదు గానీ కెమెరాకి తెలిసిపోద్ది. ఫోన్లు చాలావరకు సెకండుకి 30 ఫ్రేములు, అంటే 30 ఎఫ్‌పీఎస్‌లో ఉంటాయి, షటర్ 1/60 సెకండు దగ్గర కూర్చుంటే ఆ మిణుకుకీ దానికీ లెక్క కుదరక స్క్రీను మీద నల్లటి పట్టీలు పైకీ కిందకీ పాకుతాయి. షటర్ 1/50 గానీ 1/100 గానీ పెడితే ప్రతి ఫ్రేములోనూ మిణుకులు పూర్తిగా పడతాయి, పట్టీలు పోతాయి. మన దేశం టీవీలో 25 ఫ్రేములు రావడానికి మూలం కూడా ఈ 50 హెర్ట్జే. అందుకని 25 ఎఫ్‌పీఎస్, 1/50 షటర్, ఇదే మా సెట్టింగు, మళ్ళీ ముట్టుకోలేదు. కదలిక కూడా కంటికి సహజంగా ఉండేది అక్కడే, షటర్ ఫ్రేము టైములో సగం ఉండాలని సినిమావాళ్ళు అనుకునేది ఇదే లెక్క.

కొమ్ముతో ఇంకో తంటా ఉంది. అది నల్లన. పాలిష్ పట్టాక అద్దంలా మెరుస్తుంది. ఫోన్ని ఆటో మోడ్‌లో వదిలేస్తే ఎంత నల్లటి వస్తువు చూపించినా దాన్ని మధ్యరకం బూడిద రంగుకి తెద్దామని చూస్తుంది, దాంతో కొమ్ము బూడిద రంగులోకీ తాతగారి చెయ్యి తెల్ల సున్నం రంగులోకీ పోతాయి. ఎక్స్‌పోజర్ లాక్ చేసి చేతికి సరిపెట్టుకుంటే చెయ్యి బాగుంది గానీ కొమ్ము నల్లటి ముద్దలా ఉంది, అంచు ఎక్కడో తెలీదు. మావాడు ఎల్ఈడీ లైటు తెచ్చి నేరుగా దాని మీద కొట్టేడు. ఏమీ అవ్వలేదు, ఒక తెల్ల చుక్క కనపడింది అంతే. అప్పుడు అన్నకి ఫోన్ చేస్తే నవ్వి, "నల్లగా మెరిసేదానికి లైటెయ్యకురా, దానికి తెల్లటిది ఏదైనా చూపించు" అన్నాడు. పక్కింట్లో టీవీ పార్సిల్లో వచ్చిన థర్మాకోల్ షీటు ఉంటే తెచ్చి తాతగారికి ఎడమపక్క, ఫ్రేముకి బయట నిలబెట్టేం. కిటికీ వెలుగు థర్మాకోల్ మీద పడి, ఆ తెలుపు కొమ్ములో ప్రతిబింబించి, కొంగ మెడ పొడుగునా సన్నగా ఒక తెల్ల గీత వచ్చింది. ఆ గీత వల్లే అది గుండ్రంగా ఉందని కంటికి తెలిసింది. ఫొటోగ్రఫీ వాళ్ళు మెరిసే సీసాలు తీసేదీ ఇలాగే. థర్మాకోల్ ఫ్రీ.

కొమ్ముకి నూనె రాసి బొగ్గుల మీద కాస్తారు. మన గోళ్ళు, జుట్టు ఉన్నాయే, అదే కెరటిన్, అందుకే వేడికి మెత్తబడి చెప్పినట్టు వంగుతుంది, అందుకే షెడ్డంతా జుట్టు కాలిన వాసన. వాసన రికార్డు చెయ్యలేం కదా, అందుకని తాతగారు ముక్కు ఎగరేసి తల పక్కకి తిప్పే షాటు ఒకటి తీసి పెట్టుకున్నాం. సినిమాలో వాసన అదే.

సౌండు. ఇక్కడే స్టూడెంట్ సినిమాలన్నీ చస్తాయి. బొమ్మ కొంచెం మసగ్గా ఉన్నా జనం చూస్తారు, మాట వినపడకపోతే ఒక్క నిమిషం కూడా చూడరు. కాలర్‌కి తగిలించే బోయా మైకు, ఆరు మీటర్ల వైరుండే రకం, అది వేరే ఫోన్లో పెట్టి తాతగారి జేబులోనే ఆ ఫోన్ పెట్టీసేం, షాటుకి ముందు చప్పట్లు ఒకసారి. ఎడిటింగులో చప్పట్ల దగ్గర గీత టింగుమని లేస్తుంది, రెండు ఫైళ్ళనీ అక్కడ కలిపీడమే. యాప్‌లో 48 కిలోహెర్ట్జ్ పెట్టుకోండి, వీడియోకి అదే వాడతారు. ఫ్యాన్ ఆపమని తాతగార్ని అడగడానికి మాకు మొహమాటం, ఎండాకాలం, ఆయన బొగ్గుల ముందు కూర్చున్నారు. సవర పిల్లే వెళ్ళి, "తాతా, రొండే నిమిషాలు" అని ఆపీసి, ఆయన మాట్లాడినంతసేపూ విసనకర్రతో విసురుతూ ఫ్రేము బయట నిలబడింది. ప్రతి చోటా అందర్నీ నోరు మూసుకోమని అర నిమిషం ఉత్త షెడ్డు నిశ్శబ్దం కూడా రికార్డు చేసేం. దాన్ని రూమ్ టోన్ అంటారు. నిశ్శబ్దం అంటే ఏమీ లేకపోవడం కాదు, రేకు కప్పు చిటపట, ఎక్కడో కోడి, రోడ్డు మీద ఆటో, ఇవన్నీ ఉంటాయి. మాటల మధ్య "ఆఁ... అదే" లాంటివి తీసీసినప్పుడు అక్కడ గొయ్యి పడుతుంది, ఆ గోతిలో ఈ నిశ్శబ్దం పొయ్యాలి. పొయ్యకపోతే కట్ చేసిన చోటల్లా చెవికి పుటుక్కుమంటుంది.

ఇంక ఎడిటింగ్. డావిన్చీ రిజాల్వ్ ఫ్రీ వెర్షన్, మాలాంటోళ్ళకి దాంట్లో సగం కూడా అవసరం పడదు. కానీ ఫోన్ వీడియోలు నేరుగా వేసీకండి. ఒక ఇంటర్వ్యూ బిట్ ఓపెన్ కెమెరా యాప్‌లో కాకుండా మామూలు ఫోన్ కెమెరాలో తీశారు, దాంట్లో మొదట్లో పెదాలూ మాటా కలిసే ఉన్నాయి, చివరికొచ్చేసరికి నోరు ముందు, మాట తర్వాత. కారణం ఏటంటే ఫోన్ వెలుతురు తగ్గినప్పుడల్లా తనిష్టం వచ్చినట్టు ఫ్రేములు తగ్గించుకుంటుంది, 30 అని పేరు గానీ కాసేపు 30, కాసేపు 27. వేరియబుల్ ఫ్రేమ్ రేట్ అంటారు. హ్యాండ్‌బ్రేక్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్లో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ టిక్కు పెట్టి ఒకసారి మార్చుకుని అప్పుడు టైమ్‌లైన్ మీద వేసుకుంటే ఆ పీడ ఉండదు.

నా లాప్‌టాప్ పాతది, 4కే ఫైలు వేస్తే ఫ్యాను విమానంలా అరుస్తుంది. ఫైలు పెద్దదవ్వడం ఒక్కటే కాదు దానికి కారణం. ఫోన్ వీడియోలో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మ కాదు. ఎప్పుడో ఒక పూర్తి బొమ్మ దాచి, ఆ తర్వాతవాటికి ఏటి మారిందో అదొక్కటే రాసుకుంటుంది. చూడ్డానికి బానే ఉంటుంది గానీ ఎడిటింగులో వెనక్కీ ముందుకీ లాగితే ప్రతిసారీ పాత పూర్తి బొమ్మ దగ్గర్నుంచి లెక్క కట్టుకుంటూ రావాలి. దానికి మందు ప్రాక్సీ ఫైళ్ళు, అంటే ప్రతి ఫ్రేమూ విడిగా ఉండే చిన్న సైజు నకళ్ళు, కట్ చేసేటప్పుడు అవి చూసుకుని చివర్న ఎక్స్‌పోర్టు మాత్రం అసలు ఫైళ్ళతో. రాత్రి ప్రాక్సీలకి పెట్టి పడుకుంటే పొద్దున్నకి రెడీ. అసలు కొంత ఫుటేజీ 1080పీలోనే తీసుంటే ఇంకా సుఖం, 4కే సెకండుకి 50 మెగాబిట్లు లెక్కన నిమిషానికి 375 ఎంబీ అవుతుంది, గంట ఫుటేజీకి 22 జీబీ పైనే. కాలేజీ కంప్యూటర్లో చూపించే సినిమాకి అంత అవసరమా.

ఆకురాయి షాట్లు చూడండి. తాతగారు కొమ్ముని కాళ్ళ మధ్య బిగించి ఆకురాయితో రాస్తుంటే మావాడు కుడిపక్క నుంచి తీశాడు, ఆకురాయి ఎడమ నుంచి కుడికి పోతుంది. అవతలి పక్కకి వెళ్ళి క్లోజప్ తీశాడు, అందులో కుడి నుంచి ఎడమకి. రెండూ పక్కపక్కన పెడితే ఇద్దరు మనుషులు రెండు వైపుల్నుంచి రాస్తున్నట్టుంది. పుస్తకాల్లో 180 డిగ్రీల రూలు అని బొమ్మలేసి చెప్తారే, అది ఇదే. బాగుచెయ్యడం సులువు, మధ్యలో ఏ వైపూ లేని షాటు ఒకటి పెట్టాలి, మేం నేల మీద రాలే కొమ్ము పొడి పెట్టేం. అసలు ఆ పొడి షాటు మా సినిమాలో ఎన్ని గోతులు పూడ్చిందో లెక్కలేదు. తర్వాత చూస్తే అందరూ మెచ్చుకున్న షాటు కూడా అదే, పొయెటిక్‌గా ఉందన్నారు!

సినిమా నిజంగా లేచి కూర్చున్నది మాత్రం జే కట్‌తో. అంటే బొమ్మ కంటే ముందు సౌండు రావడం. మొదట్లో ప్యాలెస్ చూపించి, బజారు చూపించి, అప్పుడు షెడ్డు చూపించేవాళ్ళం, స్కూలు డ్రాయింగ్ పరీక్షలా వరసగా. ఆకురాయి సౌండుని లాగి బజారు మీద వేస్తే, బజార్లో జనం నడుస్తుంటే ఎక్కణ్ణుంచో గర్ గర్ అని వినపడుతుంది, ఏటిది అనుకునేలోపు షెడ్డు. ఒక్క సెకండున్నర జరపడం, అంతే. దీనికి తిరగేసింది ఎల్ కట్, తాతగారి మాట నడుస్తూనే ఉంటుంది, బొమ్మ చేతుల మీదకి వెళ్ళిపోతుంది. రష్యాలో కులెషోవ్ అని ఒకాయన వందేళ్ళ కిందటే చూపించాడు, ఒకే మొహాన్ని వేరే వేరే షాట్ల పక్కన పెడితే చూసేవాళ్ళు వేరే వేరే భావాలు చదువుకుంటారని. తాతగారు ఉట్టినే కిందకి చూసిన షాటు పూర్తయిన రొయ్య తర్వాత పెడితే తృప్తి, ఖాళీ షెల్ఫు తర్వాత పెడితే దిగులు. మేం రొయ్యే పెట్టేం. దిగులు పెట్టడం సులువు, డాక్యుమెంటరీలన్నీ అదే చేస్తాయి, పైగా ఆయన దిగులు మనిషి కాదు, మమ్మల్ని పొద్దంతా ఆటపట్టించేరు.

వాయిస్ ఓవర్ దగ్గర మళ్ళీ గొడవ. "ఈ కళాఖండములు ప్రాచీన వైభవమునకు" అని ఒకడు రాసుకొచ్చేడు. చదువుతుంటే మైకు ముందే నవ్వొచ్చీసింది. గిడుగు రామ్మూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరురా ఇది, మాట్లాడే తెలుగే రాయాలని ఆయన జన్మంతా కొట్లాడితే, ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినం చేస్తే, మనమా "మునకు" అనేది? చింపీసేం. మాట్లాడుకునే మాటే పెట్టేం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడ్డప్పుడు పర్లాకిమిడి ఇటొచ్చింది, పాతపట్నం అటుండిపోయింది, మా మాట మాత్రం అప్పుడూ ఇప్పుడూ కలగాపులగమే, అలాగే వినపడనిచ్చేం.

టైటిల్స్ సంగతి చెప్తే ఏడుపొస్తుంది. తెలుగు టైపు చేస్తే వత్తులు ఊడిపోయి పక్కన పడ్డాయి, "కొమ్ము" కాస్తా "కొమ్‌ము" అయింది. కొన్ని టైటిల్ టూల్స్ అక్షరాన్ని అక్షరం పక్కన పేర్చడమే చేస్తాయి, మన లిపికి కావలసిన లెక్క వాటికి తెలీదు. ఒడియాకీ అదే గతి. విచిత్రం ఏటంటే మా గ్రూపులో సవర అమ్మాయి సవర లిపిలో టైటిల్ వేస్తే ఒక్క అక్షరం చెదరలేదు. సొరాంగ్ సొంపెంగ్ లిపి, 1936లోనే మంగేయ్ గొమాంగో గారు తయారుచేశారు, కంప్యూటర్లు వాడే అక్షరాల పట్టిక యూనికోడ్‌లోకి 2012లో వచ్చింది, దాంట్లో కింద వత్తులు ఉండవు కాబట్టి సాఫ్ట్‌వేర్‌కి పేచీ లేదు. ఆ అమ్మాయి రెండ్రోజులు మమ్మల్ని చూసి నవ్వుతూనే ఉంది. మేం బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్‌లో తెలుగు టైటిల్ చేసి బ్యాక్‌గ్రౌండ్ లేని పీఎన్‌జీగా తెచ్చి అతికించుకున్నాం. ఫాంటు పేరు గిడుగు, గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉంది, ఆయన పేరు మీద పెట్టిందే, ఇంకేటి వెతుకుతాం. సబ్‌టైటిల్స్ ఎస్ఆర్‌టీ ఫైలు సేవ్ చేసేటప్పుడు యూటీఎఫ్-8 అని ఎంచుకోండి, లేదంటే అన్నీ ప్రశ్నార్థకాలే వస్తాయి.

కాలేజీలో చూపించేం, మార్కులు బానే వచ్చాయి. తాతగారు షెడ్డులోనే లాప్‌టాప్‌లో చూసి "హౌ హౌ, బాగుంది" అని, కొంగ ముక్కు దగ్గర పాలిష్ తక్కువైందని తన పనికే వంక పెట్టుకున్నారు.

ఆయన మనవడు ఒకడున్నాడు, తొమ్మిదో క్లాసు, షూటింగ్ అన్ని రోజులూ మా వెనకే తిరిగేవాడు, కెమెరా ఏది కొనాలన్నా అన్నయ్యా అని ఒకటే నస. వాడికి పెన్‌డ్రైవ్‌లో రా ఫుటేజీ మొత్తం పోసి ఇచ్చీసేను, రెండు నిమిషాలకి తెమ్మన్నాను. నిన్న రాత్రి వాట్సాప్‌లో పంపేడు, ఫోన్లోనే కట్ చేశాడంట. తాతగారి మొహం చివరి దాకా చూపించలేదు గుంటడు, ఒట్టి చేతులూ పొడీ విసనకర్రే, మేం పారేసిన విసనకర్ర షాటు! నాకు కొంచెం కుళ్ళుగానే ఉంది. కానీ రూమ్ టోన్ వెయ్యలేదు, కట్ చేసిన చోటల్లా పుటుక్కు పుటుక్కుమంటుంది, సాయంత్రం ఫోన్ చేసి చెప్పాలి.